డబ్బు కట్టాం, పని జరగలేదు: ఎవరికి చెప్పాలి, ఎలా చెప్పాలి?

బెంగళూరులో ఒక కస్టమర్ కేర్ ఆఫీసులో ఆరేళ్ళు తెలుగు లైన్ చూశాను. రోజుకు యాభై అరవై ఫోన్లు వచ్చేవి. ఫ్రిజ్ చల్లబడట్లేదని, టీవీలో గీతలొస్తున్నాయని, టెక్నీషియన్ వస్తానని రాలేదని. ఆ ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. అయినా రామమూర్తి నగర్‌లో మా అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ళు ఏదైనా కొని ఇబ్బంది పడితే ఇప్పటికీ ముందు నా తలుపే తడతారు. "అక్కా, వీళ్ళతో ఎలా మాట్లాడాలి?" అని. వాళ్ళు అడిగినవీ నేను చెప్పినవీ ఇక్కడ రాస్తున్నాను. చట్టం సంగతులు దేశమంతటికీ ఒకటే. దుకాణాలూ భాషా బస్సులూ మాత్రం బెంగళూరువి.

మూడొందల వస్తువుకు ఇంత గొడవ అవసరమా?

గొడవ అక్కర్లేదు, అడిగితే చాలు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక షాపువాడు పెడతాడా? మూడొందల కోసం నేనైతే సెలవు పెట్టి తిరగను. ఒక ఫోను చేస్తాను, ఒక మెసేజ్ పెడతాను. సగం సంగతులు అక్కడే తేలిపోతాయి.

ఫోన్ చేసే ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

మీకు ఏం కావాలో మీరు తేల్చుకోవాలి. వినడానికి ఇదేం పెద్ద విషయం అనిపిస్తుంది. కానీ నాకు ఫోన్ చేసినవాళ్ళలో చాలామంది చేయనిది ఇదే.

ఒకాయన పది నిమిషాలు ఆపకుండా చెప్పాడు. కొత్త వాషింగ్ మెషిన్, రెండు వారాలకే ఆగిపోయింది, ఇంట్లో చంటిపిల్ల, ఆఫీసు మానేసి టెక్నీషియన్ కోసం కూర్చున్నాడు, అతను రాలేదు. అన్నీ నిజాలే. "సరే సార్, ఇప్పుడు మేం ఏం చేయాలంటారు?" అని అడిగితే, "అది మీరే చెప్పాలి" అన్నాడు. నా కంప్యూటర్‌లో ఎంచుకోవడానికి నాలుగు గడులుండేవి: రిపేరు, మార్పిడి, డబ్బు వాపసు, 'సమాచారం కోసం'. ఏదీ స్పష్టంగా అడగనివాళ్ళ ఫోను ఆ నాలుగో గడిలో పడేది. దాన్ని తెరిచి చూసిన నాథుడు లేడు.

కాబట్టి ముందు ఒక కాగితం తీసుకోండి. ఏం కొన్నారు, ఎప్పుడు, ఎంతకు, ఏం పాడైంది, ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పారు, చివరికి ఏం కావాలి, ఏ తేదీలోగా కావాలి. ఇవన్నీ ఆరేడు లైన్లు దాటవు. "నాకు న్యాయం కావాలి" అని మాత్రం రాయకండి. న్యాయానికి కంప్యూటర్‌లో గడి లేదు. "శనివారంలోగా వాషింగ్ మెషిన్ పంపు మార్చండి, కుదరకపోతే మెషిన్ మార్చి ఇవ్వండి" అంటే అవతలివాళ్ళకు పని కనబడుతుంది.

అడిగేది కూడా నష్టానికి తగినట్టుండాలి. దోసె చల్లగా వచ్చిందని నెల రోజుల భోజనం ఉచితంగా అడిగితే మీ మాట నవ్వులాటైపోతుంది.

మెత్తగా ఉంటే మొత్తబుద్ధి అంటారు. మర్యాదగా అడిగితే పట్టించుకుంటారా?

మెత్తదనం వేరు, మర్యాద వేరు. నా అనుభవంలో రెండు రకాలవాళ్ళ పని జరిగేది కాదు. మొదటిరకం, ఫోన్ ఎత్తగానే అరిచేవాళ్ళు. వాళ్ళతో మేం ఒక్క మాట కూడా సొంతంగా మాట్లాడేవాళ్ళం కాదు. "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం" అన్న రాసిచ్చిన వాక్యాన్నే మూడుసార్లు చదివేవాళ్ళం. బూతులు తిడితే ఒకసారి హెచ్చరించి లైన్ కట్ చేసే వీలుండేది. రెండోరకం, మరీ మొహమాటపడేవాళ్ళు. "పర్లేదమ్మా, మీకు వీలైనప్పుడు చూడండి" అనేవాళ్ళు. పాపం, ఆ 'వీలైనప్పుడు' ఎప్పటికీ వచ్చేది కాదు.

ఫోన్ ఎత్తినవాళ్ళు మీ మెషిన్ తయారుచేయలేదు, టెక్నీషియన్‌ను ఆపలేదు. కానీ వాళ్ళ చేతిలో చిన్న చిన్న అధికారాలుంటాయి. మీ ఫిర్యాదు టికెట్‌ను సూపర్‌వైజర్‌కు పంపడం, విజిట్ చార్జీ తీసేయమని సిఫార్సు చేయడం, మాటిచ్చిన టెక్నీషియన్‌కు ఇంకోసారి ఫోన్ కొట్టడం. చేసి తీరాలన్న రూలేమీ లేదు, చేయాలనిపిస్తే చేస్తారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న మాట కాల్ సెంటర్లో రోజూ రుజువయ్యేది.

ఒక రిటైర్డ్ మాస్టారు నాకు ఇప్పటికీ గుర్తు. గొంతు పెంచేవారు కాదు. ఎదురుగా నోట్‌బుక్ పెట్టుకుని మాట్లాడుతున్నట్టుండేది. "అమ్మా, 14వ తేదీ పదకొండింటికి మీ సహోద్యోగితో మాట్లాడాను. గురువారం వస్తామన్నారు. ఇవాళ శనివారం. ఎవరూ రాలేదు. తర్వాత ఏం చేస్తారో చెప్పండి, రాసుకుంటాను" అనేవారు. 'రాసుకుంటాను' అన్న మాట వింటే మాకు ఎక్కడలేని టెన్షన్. మూడో ఫోనుకు మా సూపర్‌వైజర్ సీనియర్ టెక్నీషియన్‌ను పంపాడు.

మీ ఇబ్బంది చెప్పండి, మనిషి జోలికి వెళ్ళకండి. "మీవాళ్ళంతా ఇంతే", "మీ ఊళ్ళో ఎవరికీ పని రాదు" లాంటి మాటలు ఒక్కటి జారినా సంభాషణ మీ ఫ్రిజ్ వదిలేసి ఆ మాట మీదకు పోతుంది. నేను వాడే వాక్యం ఇది: "ఇది మీ తప్పు కాదని తెలుసు. కానీ ఇవాళ తేలాలి. మీ చేతిలో లేకపోతే ఎవరి చేతిలో ఉందో చెప్పండి."

కన్నడం సరిగ్గా రాదు. షాపులో ఎలా?

ఈ ఊళ్ళో తెలుగు అర్థమయ్యే దుకాణదారులు చాలామంది ఉన్నారు. అయినా మొదటి రెండు మాటలు కన్నడంలో అనండి. "నమస్కార సర్, స్వల్ప నోడి" అంటే "కాస్త చూడండి" అని. "బిల్ కొడి" అంటే బిల్లు ఇవ్వమని, ఎవరినీ కొట్టమని కాదు. "యావాగ కొడ్తీరి?" అంటే ఎప్పుడిస్తారని. ఆ తర్వాత తెలుగో హిందీయో ఏదైనా కలిపి మాట్లాడుకోవచ్చు.

ఒక్క మాటతో జాగ్రత్త. మనకు తొందర అంటే త్వర. కన్నడంలో 'తొందరె' అంటే ఇబ్బంది. మా పక్కింటావిడ బ్లౌజ్ కోసం టైలర్ దగ్గరకెళ్ళి "తొందర, తొందర" అంటుంటే, ఆయన కంగారుపడి "ఏను తొందరె?" అని అడుగుతూనే ఉన్నాడట. ఏం కష్టమొచ్చిందమ్మా అని ఆయన అనుకుంటున్నాడు. పెళ్ళి మర్నాడే అని ఈవిడ అనుకుంటోంది.

ఇక ఈ ఊరి ఊతపదం "స్వల్ప అడ్జస్ట్ మాడి". ఎవరైనా ఆ మాటంటే నవ్వుతూనే "సరే సర్, ఎన్ని రోజులు?" అని తేదీ అడిగేయండి. తేదీ చెబితే సర్దుకుపోండి. చెప్పకపోతే మేనేజర్ ఎవరో అడగండి.

షాపుకు ఏ టైములో వెళ్ళాలి?

సాయంత్రం ఏడింటికి, శని ఆదివారాల్లో వెళ్ళకండి. కొనేవాళ్ళ మధ్య మీరు ఫిర్యాదుతో నిలబడితే వాళ్ళకు మిమ్మల్ని పంపేయాలన్న ఆత్రమే తప్ప వినే ఓపిక ఉండదు. మామూలు రోజున పొద్దున, షాపు తెరిచిన గంటలో వెళ్తే ఓనరూ ఉంటాడు, తీరికా ఉంటుంది.

బిల్లు పోయింది. ఇక అంతేనా?

కాదు. యూపీఐలో చెల్లించిన వివరం, బ్యాంకు స్టేట్‌మెంట్, పెట్టె మీది సీరియల్ నంబరు, వారంటీ కార్డు, షాపువాళ్ళతో వాట్సాప్ సంభాషణ, అన్నీ పనికొస్తాయి. ఫోన్ నంబరు చెప్పి కొన్నచోట డూప్లికేట్ బిల్లు అడిగితే చాలాసార్లు తీసిస్తారు. బిల్లు ఉన్నవాళ్ళు కూడా కొన్న రోజే దానికి ఫోటో తీసిపెట్టుకోండి. మెషిన్ మీద వచ్చే ఆ నున్నటి కాగితం మీద అక్షరాలు కొన్నాళ్ళకు వెలిసిపోతాయి. వారంటీ అయ్యేలోపే తెల్లకాగితం మిగులుతుంది.

"బిల్లు లేకుండా అయితే తక్కువకిస్తా" అనేవాళ్ళు అన్నిచోట్లా ఉంటారు. ఆ మిగిలే డబ్బు మీ ఫిర్యాదు హక్కు ఖరీదు. నిజానికి బిల్లు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే.

"ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు ఉంది. చెల్లుతుందా?

పాడైన సరుకు విషయంలో చెల్లదు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా తెచ్చినప్పుడు వెనక్కి తీసుకోననడం కూడా ఆ చట్టం దృష్టిలో అనుచిత పద్ధతే. చిక్కపేటలో కొన్న చీర ఇంటికొచ్చాక చిరుగు కనబడితే బోర్డును చూసి వెనక్కి రాకండి. రంగు నచ్చలేదు, అత్తగారు బాగాలేదన్నారు అంటే మాత్రం అది షాపువాళ్ళ దయ. అప్పుడు బతిమాలుకోవాలి, దబాయించకూడదు.

ఎన్నిసార్లు ఫోన్ చేయాలి?

రెండుసార్లు. మూడోసారి రాయాలి.

రాయమంటున్నారు. ఎలా రాయాలి?

ఇలా:

"నమస్కారం. మీ దుకాణంలో జూన్ 12న రూ.18,500కు కొన్న వాషింగ్ మెషిన్ రెండో వారం నుంచి నీళ్ళు బయటకు వదలట్లేదు. జూలై 3న, 9న ఫోన్‌లో ఫిర్యాదు చేశాను, టికెట్ నంబర్లు కింద ఇచ్చాను. టెక్నీషియన్ ఒకసారి వచ్చి పంపు మార్చాలన్నారు. తర్వాత ఎవరూ రాలేదు. జూలై 20లోగా పంపు మార్చండి, వీలుకాకపోతే మెషిన్ మార్చి ఇవ్వండి. బిల్లు, వీడియో జతచేశాను. సాయంత్రం ఆరు తర్వాత నాకు ఫోన్ చేయవచ్చు. ధన్యవాదాలు."

ఇందులో కోపమని ఒక్క మాట కూడా లేదు, కానీ తప్పించుకోవడానికి సందూ లేదు. ఈమెయిల్ అయితే పైన విషయం దగ్గర బిల్లు నంబరు పెట్టండి. చదివేవాళ్ళు రోజుకు వందల మెయిళ్ళు చూస్తారు, 'చాలా అర్జెంట్' అని రాసినవే వాటిలో సగం ఉంటాయి. గడువు వారం నుంచి పదిహేను రోజుల మధ్య పెట్టండి. "రేపటిలోగా" అంటే వాళ్ళకూ చేతకాదు, మీ మాటకూ విలువుండదు.

ఫోన్‌లో మాట్లాడినా, పెట్టేశాక రెండు లైన్ల మెసేజ్ పంపండి: "ఇప్పుడు మనం మాట్లాడుకున్నట్టు, శుక్రవారం మనిషిని పంపుతామన్నారు. ధన్యవాదాలు." మాట ఎగిరిపోతుంది, ఇది మిగులుతుంది. ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఫరవాలేదు. తేదీలూ అంకెలూ సరిగ్గా ఉంటే వ్యాకరణం ఎవరూ చూడరు. ఆరేళ్ళలో నేనెప్పుడూ చూడలేదు.

ఆన్‌లైన్‌లో కొన్నాను. చాట్‌లో బాట్ తప్ప మనిషి దొరకట్లేదు.

బాట్‌తో వాదించి గొంతు చించుకోకండి. ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం ప్రతి ఆన్‌లైన్ అమ్మకపు సంస్థా ఫిర్యాదుల అధికారి పేరూ సంప్రదించే వివరాలూ తన సైట్‌లో పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, అందిన రోజు నుంచి నెలలోగా పరిష్కరించాలి. ఆ వివరాలు సైట్ అడుగున, ఎవరూ చదవని చిన్న అక్షరాల్లో ఉంటాయి. వెతికి పట్టుకుని పై పద్ధతిలోనే మెయిల్ రాయండి. ఖరీదైన వస్తువైతే పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీయండి, పార్సిల్ మీది చీటీ కనబడేలా మొదలుపెట్టి మధ్యలో ఆపకుండా.

కస్టమర్ కేర్ నంబరును గూగుల్‌లో వెతికి ఫోన్ చేయకండి. యాప్‌లో, బిల్లు మీద ఉన్న నంబరే వాడండి. దొంగ నంబర్లు పెట్టి కాచుకుని ఉండేవాళ్ళు మనకంటే మర్యాదగా మాట్లాడతారు. రీఫండ్ ఇవ్వడానికి ఎవరికీ మీ ఓటీపీ, యూపీఐ పిన్ అక్కర్లేదు, ఏ యాప్ వేసుకోమని చెప్పే పనీ లేదు. అలా డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్, ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) వాళ్ళు అడ్వాన్స్ వెనక్కి ఇవ్వట్లేదు. ఓనర్ కూడా మన తెలుగాయనే. ఎలా అడగాలి?

మా అపార్ట్‌మెంట్ కుర్రాళ్ళు నన్ను ఎక్కువసార్లు అడిగింది ఇదే. మారతహళ్ళి, బీటీఎం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఆంధ్రా భోజనం పెట్టే పీజీలు చాలా మనవాళ్ళవే. అక్కడే చిక్కు. చేరేటప్పుడు "అన్నా" అని చేరతాం, అన్నను రసీదు అడగడానికి నోరు రాదు. ఖాళీ చేసిన రోజు "వచ్చే వారం వేస్తా తమ్ముడూ" అంటాడు. తర్వాత ఫోనెత్తడు.

అన్న అన్నగానే ఉండనివ్వండి, లెక్క మాత్రం రాతలో పెట్టండి. చేరిన రోజే ఒక మెసేజ్ చాలు: "అన్నా, ఇవాళ అడ్వాన్స్ రూ.8,000 వేశాను. ఖాళీ చేసేటప్పుడు నెల ముందు చెప్పాలి, మెయింటెనెన్స్ కింద రూ.1,500 పట్టుకుంటామన్నారు. సరే కదా?" ఆయన "ఓకే" అంటే మీ చేతిలో ఒప్పందం ఉన్నట్టే. గది గోడలు, మంచం, గీజర్, కిటికీ అద్దం ఫోటోలు తీసి అదే చాట్‌లో పంపండి. రేపు "అద్దం నువ్వే పగలగొట్టావు" అన్నప్పుడు ఎవరితోనూ వాదించక్కర్లేదు.

నోటీసు వార్డెన్‌కు నోటితో చెబితే లెక్కలోకి రాదు. వార్డెన్లు నెలకొకరు మారతారు. ఓనర్‌కే వాట్సాప్‌లో పెట్టండి. ఖాళీ చేశాక: "అన్నా, జూన్ 1న నోటీస్ ఇచ్చి 30న గది, తాళం అప్పగించాను. రూ.8,000లో మెయింటెనెన్స్ రూ.1,500 పోను రూ.6,500 రావాలి. జూలై 10లోగా ఇదే నంబరుకు ఫోన్‌పే చేయండి. ఇంకేమైనా పట్టుకుంటే ఎందుకో వివరం పంపండి." పదోతేదీ దాటితే ఇంకో మెసేజ్, దాని తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 (దాని సంగతి కింద చెప్తాను). గదితో పాటు భోజనం, శుభ్రం చేయడం, వైఫై అన్నీ కలిపి డబ్బు తీసుకుంటున్నారు కాబట్టి దాన్ని సేవగా చూపి ఫిర్యాదు చేయొచ్చు. వట్టి ఇల్లు అద్దెకు తీసుకున్న అడ్వాన్స్ తగాదా అలా కాదు. అది సివిల్ వ్యవహారం, వినియోగదారుల కమిషన్ దాకా లాగలేరు.

పీజీలో ఉంటున్నప్పుడు గొడవపడితే అన్నం పెట్టే దగ్గర ముఖం చూడాలి కదా అని ఒకబ్బాయి అడిగాడు. నిజమే. అందుకే చిన్న చిన్న వాటికి, నీళ్ళు రాకపోవడం లాంటివాటికి, పది మంది కలిసి ఒకే మెసేజ్ పెట్టడం మేలు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, పనీ అవుతుంది.

పండక్కి ఊరెళ్ళే ప్రైవేటు బస్సు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయింది.

సంక్రాంతి ముందు రాత్రుల్లో మడివాళ, టిన్ ఫ్యాక్టరీ, హెబ్బాళ దగ్గర నిలబడినవాళ్ళకు ఇది కొత్త కాదు. మా తమ్ముడికీ జరిగింది. పదిన్నర బస్సు, పదీ ఇరవైకల్లా చెప్పిన చోటే ఉన్నాడు, డ్రైవర్ ఫ్లైఓవర్ మీద నుంచి వెళ్ళిపోయాడు.

వాడు చేసిన మంచి పని ఒక్కటే, ఆ టెన్షన్‌లో కూడా బస్టాప్ బోర్డు కనబడేలా టైముతో ఫోటో తీశాడు. డ్రైవర్‌కు చేసిన నాలుగు ఫోన్ల స్క్రీన్‌షాట్ ఉంచుకున్నాడు. వేరే బస్సెక్కిన టికెట్ దాచాడు. ఆ రాత్రే టికెట్ అమ్మిన యాప్‌కూ ట్రావెల్స్‌కూ ఒకే మెయిల్ రాశాడు. మొదటి టికెట్ డబ్బు, రెండో టికెట్‌కు ఎక్కువైన తేడా, రెండే అడిగాడు. యాప్‌వాళ్ళు ముందు "ప్యాసింజర్ రాలేదు" అని కొట్టేశారు. ఫోటో పంపాక టికెట్ డబ్బు వచ్చింది. తేడా రాలేదు. పండగ హడావిడిలో వాడూ వదిలేశాడు. నేనైతే వదిలేదాన్ని కాదు, కానీ డబ్బు వాడిది.

యూపీఐలో డబ్బు కట్ అయింది, షాపువాడికి చేరలేదు.

షాపువాడితో గొడవ పెట్టుకోకండి, అతని తప్పేమీ లేదు. రిజర్వు బ్యాంకు 2019లో పెట్టిన గడువుల ప్రకారం షాపుకు చెల్లించింది చేరకపోతే లావాదేవీ జరిగిన రోజు తర్వాత అయిదు రోజుల్లోగా, మనిషి ఖాతాకు పంపింది చేరకపోతే ఒక రోజులోగా డబ్బు దానంతటది వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున బ్యాంకు ఇవ్వాలి. లావాదేవీ నంబరుతో బ్యాంకుకు రాయండి. ఆ వంద సంగతి మీరే ప్రస్తావించండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సందేహాలకు 14448. ముందు బ్యాంకుకు రాయకుండా నేరుగా అక్కడికెళ్తే వెనక్కి పంపేస్తారు.

హోటల్ బిల్లులో సర్వీస్ చార్జీ వేశారు. నీళ్ళ బాటిల్ ఎమ్మార్పీ కంటే ఎక్కువ.

ఇవి రెండు వేరు. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతటదే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. "ఇది తీసేయండి ప్లీజ్" అంటే చాలాచోట్ల మారుమాట లేకుండా తీసేస్తారు. జీఎస్టీ వేరు, అది కట్టాల్సిందే. నీళ్ళ బాటిల్ విషయంలో, కూర్చుని తినే హోటళ్ళు ఎమ్మార్పీకి మించి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, కాబట్టి అక్కడ వాదించి లాభం లేదు. కిరాణా కొట్టులో, బస్టాండు స్టాల్‌లో అయితే ఎమ్మార్పీ దాటకూడదు. తూనికలు కొలతల శాఖకు చెప్పొచ్చు. "కూలింగ్ చార్జీ" అని ఒకటి కనిపెట్టారు, అలాంటిదేమీ లేదు.

గూగుల్‌లో ఒక స్టార్ ఇచ్చి ఉతికేస్తే దిగొస్తారు కదా?

కొందరు దిగొస్తారు. కానీ అది మొదటి అడుగు కాకూడదు. రాసేశాక మీ చేతిలో ఇంకేం మిగలదు. రాతపూర్వక ఫిర్యాదుకు పెట్టిన గడువు దాటాక రాయండి. జరిగిందే రాయండి. "దొంగలు", "మోసగాళ్ళు" అంటే పరువు నష్టం కేసు మీ మీదకే రావచ్చు. "జూన్ 12న కొన్నాను, నెలైనా రిపేరు కాలేదు" అన్నదే చదివేవాళ్ళను ఎక్కువ భయపెడుతుంది. ఎక్స్‌లో రాస్తే ఫోన్ నంబరు, ఆర్డర్ నంబరు బయట పెట్టకండి. అయిదు నిమిషాల్లో నకిలీ 'సపోర్ట్' ఖాతాలు వాలిపోతాయి.

1915 అంటే ఏమిటి? నిజంగా పనిచేస్తుందా?

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, తెలుగుతో కలిపి 17 భాషల్లో మాట్లాడతారు. మీ ఫిర్యాదుకు నంబరిచ్చి కంపెనీకి పంపి జవాబు తెప్పిస్తారు. అది కోర్టు కాదు, ఆదేశాలిచ్చే అధికారం దానికి లేదు. కానీ పెద్ద కంపెనీల్లో దాని నుంచి వచ్చిన ఫిర్యాదులు చూసేవాళ్ళు వేరే ఉంటారు. నేను పనిచేసిన చోట అయితే ఆ ఫైలుకు ఎర్ర జెండా పెట్టేవాళ్ళు, రోజూ పొద్దున మీటింగ్‌లో దాని సంగతే మొదట అడిగేవాళ్ళు. వీధి చివర చిన్న షాపు మీద అంత పట్టు ఉండదు.

అక్కడా తేలకపోతే కోర్టేనా? లాయర్ ఖర్చు ఎవరు పెడతారు?

జిల్లా వినియోగదారుల కమిషన్. లాయర్ తప్పనిసరి కాదు, మీ కేసు మీరే చెప్పుకోవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటనంతవరకు జిల్లా కమిషనే. అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. సమస్య వచ్చిన రెండేళ్ళలోగా వేయాలి. కంపెనీ ఎక్కడున్నా మీరు ఉంటున్న చోట, పనిచేస్తున్న చోట వేయొచ్చు. ఇది 2020 జూలైలో కొత్త చట్టం అమల్లోకి వచ్చాక దొరికిన పెద్ద వెసులుబాటు. హైదరాబాద్ సంస్థ మీద బెంగళూరులోనే వేసుకోవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు.

మూడు నెలల్లో, వస్తువును పరీక్షకు పంపాల్సివస్తే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది. అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకుని దిగండి. అమ్మకానికో వ్యాపారానికో కొన్న సరుకైతే అక్కడ వినరు. సొంతంగా బతుకుతెరువు కోసం కొన్న కుట్టుమెషిన్ లాంటిదైతే వింటారు.

"కోర్టుకెళ్తా" అని ముందే బెదిరిస్తే త్వరగా అవుతుందా?

మా ఆఫీసులో ఆ మాట రోజుకు పదిసార్లు వినేవాళ్ళం. వెళ్ళినవాళ్ళు ఆ మాట చెప్పకుండా వెళ్ళారు. చెప్పాలనుకుంటే చివరి మెయిల్లో ఒక్క లైను: "20వ తేదీలోగా జవాబు రాకపోతే 1915లో నమోదు చేస్తాను." రాశాక 21న నమోదు చేయండి.

తీరా చూస్తే తప్పు మనదేనని తేలితే?

నాకే జరిగింది. కొత్త మిక్సీ, నెల కూడా కాలేదు. మా అత్తయ్య ఇడ్లీ పిండి కొంచెం ఎక్కువేసి తిప్పుతుంటే టక్కున ఆగిపోయింది. పండగ ముందు రోజు. ఇంతమందికి పాఠాలు చెప్పే నేను, ఆ పూట పాఠాలన్నీ మర్చిపోయి షాపుకు ఫోన్ చేసి గట్టిగానే అన్నాను, "ఇలాంటి సరుకు ఎలా అమ్ముతారు?" అని. ఓనర్ ఒక్క మాటా అనకుండా సాయంత్రానికి కుర్రాణ్ణి పంపాడు.

అతను మిక్సీని తలకిందులు చేసి, అడుగున ఉన్న ఎర్ర బటన్ ఒకసారి నొక్కాడు. లోడ్ ఎక్కువైతే మోటారు కాలిపోకుండా అది దానంతటదే ఆపేస్తుందట. మిక్సీ గర్రుమంది. మా అత్తయ్య నా వైపు చూసింది.

కుర్రాడికి కాఫీ ఇచ్చి పంపి, ఓనర్‌కు మెసేజ్ పెట్టాను: "సర్, తప్పు నాదే. గట్టిగా మాట్లాడినందుకు క్షమించండి." కాసేపటికి జవాబొచ్చింది: "తొందరె ఇల్ల మేడమ్."